వేసి వెళ్లిపోయే రోడ్లు మాకొద్దు

తిరుపతిలో ఉండేవాళ్లం రోడ్ల గురించి ఒకే నోటితో రెండు మాటలంటాం. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కినప్పుడు, "ఊరు ఎంత మారిపోయింది! కపిలతీర్థం దగ్గర ఎక్కితే మళ్లీ తిరుచానూరు రోడ్డులో దిగడమే" అంటాం. దిగి సొంత కాలనీలోకి మలుపు తిరగ్గానే బండి స్లో చేసి, గుంతలు తప్పించుకుంటూ, "ఈ ఊరు ఎప్పటికీ బాగుపడదు" అంటాం. రెండు మాటలూ నిజమే. ఒకే ఊరు, ఒకే వాన, ఇంచుమించు అదే కంకర, అదే సిమెంటు. మరి పైన ఒక రకంగా, కింద ఇంకో రకంగా ఎందుకుంది?

దీనికి మనందరి దగ్గరా సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. పైది పెద్ద కంపెనీ కట్టింది, కిందది లోకల్ కాంట్రాక్టరు వేశాడు, తినేశాడు. ఈ జవాబు వినీ వినీ నాకు విసుగొచ్చింది. తినేవాళ్లు లేరని నేననను. కానీ కాంట్రాక్టరు ఎంత మంచివాడైనా మా వీధిలో అదే రోడ్డు పడుతుంది, రెండో వానాకాలానికి అలాగే లేచిపోతుంది. అసలు చిక్కు మనం రోడ్డు కొనే పద్ధతిలో ఉంది. జాతీయ రహదారిని ఒక రకంగా కొంటున్నాం, ఊళ్లో వీధిని ఇంకో రకంగా కొంటున్నాం. ఆ తేడా గురించి వార్డు మీటింగుల్లో గానీ ఎన్నికల ప్రచారంలో గానీ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు సేతు సంగతి. గరుడ వారధి పేరుతో 2019లో పని మొదలైంది, మధ్యలో పేరు మారి శ్రీనివాస సేతు అయింది, 2023 సెప్టెంబరు 18న, శ్రీవారి బ్రహ్మోత్సవాలు మొదలైన రోజే, మొత్తంగా తెరిచారు. దాదాపు 7 కిలోమీటర్లు, ఖర్చు రమారమి 680 కోట్లు. అందులో పెద్ద వాటా టీటీడీది, మిగతాది స్మార్ట్ సిటీ పథకానిది. కట్టిన సంస్థ ఆఫ్కాన్స్. షాపూర్జీ పల్లోంజీ గ్రూపులోని ఈ కంపెనీ దేశంలో ఇంకెక్కడెక్కడ ఏం కట్టిందో చూస్తే మన సేతు దానికి చిన్న పనే అనిపిస్తుంది. హిమాచల్‌లో రోహ్‌తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం ఒక ఆస్ట్రియా కంపెనీతో కలిసి తవ్వింది. జమ్మూ కశ్మీర్‌లో చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున రైలు వంతెన నిలబెట్టింది. కోల్‌కతాలో హుగ్లీ నది అడుగున మెట్రో రైలు సొరంగం తవ్వింది. అంత మంచులో, అంత బురదలో పని చేసిన చేతులు ఆర్టీసీ బస్టాండు ముందు స్తంభాలు లేపడం పెద్ద వింతేమీ కాదు.

ఆ పని ఊళ్లో సాగుతున్నన్నాళ్లు మేం చూస్తూనే ఉన్నాం. యార్డులో పోతపోసిన కాంక్రీటు సెగ్మెంట్లు రాత్రిపూట పెద్ద ట్రైలర్ల మీద వచ్చేవి. వాటిని పైకి లాగి, ఒకదాని పక్కన ఒకటి జత చేసి, లోపలి నుంచి ఉక్కు తీగలు బిగించేవాళ్లు. తిరుచానూరు రోడ్డు వైపు అంగళ్లవాళ్లు దుమ్ములో, అరకొర బేరాల్లో ఏళ్లు గడిపారు. వాళ్ల నష్టం ఏ లెక్కలోకీ రాలేదు. 2023 జులైలో, పని ముగింపుకొచ్చిన దశలో, సెగ్మెంటు ప్రమాదంలో ఇద్దరు కూలీలు చనిపోయారు. పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి ఇంత దూరం వచ్చినవాళ్లు. ఆ వంతెన మొదట్లో వాళ్ల పేర్లు చెక్కిన రాయి ఒకటి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ప్రారంభోత్సవం చేసినవాళ్ల పేర్లకు దొరికే చోటులో అందుకు పావలా వంతు చాలు.

సేతు మంచి పనే. దర్శనానికి వచ్చే బస్సులు, కార్లు ఊళ్లో దూరకుండా అలిపిరి వైపు వెళ్లిపోతున్నాయి. నా ప్రశ్న వేరే. సేతు మీద పడిన వాన పైపుల్లోంచి కిందికి దిగుతుంది. కింద దాన్ని అందుకునే కాలువ ఎవరిది? ఏ టెండరులో ఉంది? ఎవరు పూడిక తీయాలి? పైన ఉన్న ప్రతి బోల్టుకూ ఒక బాధ్యుడు ఉంటాడు. కిందికి దిగగానే బాధ్యుడు మాయమవుతాడు.

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది చిత్తూరు రోడ్డు మీద. మా అమ్మావాళ్లు చిత్తూరులో ఉంటారు కాబట్టి ఆ దారి నాకు బాగా అలవాటు. పాత రోజుల్లో మామిడికాయల సీజను వచ్చిందంటే దామలచెరువు మండీకి వెళ్లే ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడిచేది. ఇప్పుడది ఆరు వరుసల రోడ్డు. చిత్తూరు నుంచి మల్లవరం దాకా దాదాపు 61 కిలోమీటర్లు. హైదరాబాదుకు చెందిన కేఎన్ఆర్ కన్‌స్ట్రక్షన్స్ దాన్ని హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో వేసింది. వేసిన తర్వాత ఆ ప్రాజెక్టు కంపెనీని క్యూబ్ హైవేస్‌కు అమ్మేసింది. ఇది చెబితే మా తమ్ముడు, "చూశావాక్కా, కట్టేసి అమ్ముకుని పోయినారు" అన్నాడు. నిజమే, అమ్ముకున్నారు. కానీ రోడ్డును చూసుకునే బాధ్యత కూడా ఒప్పందంతో పాటే చేతులు మారింది. కొన్నవాడు ఆ బాధ్యతతో సహా కొన్నాడు.

ఈ పద్ధతి ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే నిలబడింది. 2016లో కేంద్రం దీన్ని తెచ్చింది. రోడ్డు కట్టడానికయ్యే ఖర్చులో 40 శాతం కట్టేటప్పుడే విడతలుగా ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 శాతం కంపెనీ సొంతంగానో, బ్యాంకు అప్పు తెచ్చో పెట్టుకోవాలి. ఆ డబ్బు వడ్డీతో సహా 15 ఏళ్ల పాటు ఆరు నెలలకోసారి తిరిగొస్తుంది. ఆ 15 ఏళ్లూ రోడ్డు నిర్వహణ కంపెనీదే. రోడ్డు ఒప్పందంలో రాసిన స్థాయిలో లేకపోతే రావాల్సిన డబ్బులో కోత పడుతుంది. గాదంకి టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ నుంచి డబ్బులు కట్ అయినప్పుడల్లా బస్సులో ఎవరో ఒకరు "కాంట్రాక్టరు దోచేస్తా ఉండాడు" అంటారు గానీ, ఈ పద్ధతిలో టోలు కంపెనీకి పోదు, జాతీయ రహదారుల సంస్థకు పోతుంది. కంపెనీకి వచ్చేది ఆ ఆరు నెలల కిస్తే. అది నిండుగా రావాలంటే రోడ్డు బాగుండాలి.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒకసారి పూతలపట్టు దాటాక బస్సు కిటికీలోంచి చూశాను. ఎండ మండిపోతోంది. వాన జాడే లేదు. నారింజ రంగు జాకెట్లు వేసుకున్న నలుగురైదుగురు రోడ్డు పక్క సిమెంటు కాలువలో దిగి, పారలతో మట్టి తీసి గంపలకెత్తుతున్నారు. ఎండిన ఆకులు, ప్లాస్టిక్ సీసాలు, కట్ట మీద నుంచి జారిన గ్రావెల్ అన్నీ తీసి, కల్వర్టు నోరు దాకా శుభ్రం చేస్తున్నారు. గుంత ఇంకా పడలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, పేపర్లో ఫొటో రాలేదు. అయినా పని జరుగుతోంది. ఎందుకంటే ఆ కాలువ పూడితే నీళ్లు రోడ్డు కిందికి దిగుతాయి, దిగితే రోడ్డు కుంగుతుంది, కుంగితే కిస్తులో కోత. ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడికి ఆ కాలువలో మట్టి తన డబ్బే అని తెలుసు.

ఇప్పుడు మా కాలనీకి రండి. మా వీధిలో సీసీ రోడ్డు మీదే మళ్లీ సీసీ రోడ్డు వేశారు. పాతది పగలగొట్టలేదు. మా పక్కింటి పెద్దమ్మ ఇంటికి ఒకప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు పైకి కనబడేది ఒక్కటే. మిగతా రెండూ రోడ్డు కింద ఉన్నాయి. గట్టి వాన పడితే ఆమె గడపకు అడ్డంగా ఇసుక మూటలు పెట్టుకుని, పరుపులు మంచం మీదికి చుట్టి, రాత్రంతా మేలుకునే ఉంటుంది. కొత్తగా కట్టుకునేవాళ్లు ముందుచూపుతో బేస్‌మెంటు నాలుగైదు అడుగులు లేపుకుంటున్నారు. పాత ఇళ్లవాళ్లకే కష్టం, వాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లు, ముసలివాళ్లు.

రోడ్డు వేస్తున్నప్పుడే మేస్త్రిని అడిగాను, ఇంత ఎత్తు లేపితే నీళ్లు ఇళ్లల్లోకి రావా అని. ఆయన నన్ను తోసిపుచ్చలేదు. టీ తాగుతూ నిలబడి చెప్పాడు.

"వస్తాయికా, ఎందుకు రావు. పాతది పగలగొట్టల్లంటే దానికి డబ్బులు ఎస్టిమేట్లో ల్యా. నీళ్లు పారేదానికి వాటం ఇయ్యల్లంటే కాలవ ఇంకా కిందికి దించల్ల. అది వేరే పని, వేరే టెండరు. మాకు రాసిచ్చింది ఇంత పొడుగు, ఇంత మందం. అంతే."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పని అయ్యాక టేపు పట్టుకుని కొలతలు తీశారు. కొలతలు రాసే ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం ఎక్కాయి, బిల్లు తయారైంది. ఆ పుస్తకంలో నీళ్లు ఎటు పోతున్నాయో రాసే చోటు లేదు. పెద్దమ్మ గడప ఎంత ఎత్తులో ఉందో రాసే చోటూ లేదు. కొలవనిదానికి డబ్బు రాదు, డబ్బు రాని పనిని మంచి మేస్త్రి కూడా చెయ్యడు.

కొన్ని నెలలకు తాగునీటి పైపు కోసం రోడ్డును మధ్యకు కోశారు. మట్టి పోసి పైన పలచగా సిమెంటు పూసి వెళ్లారు. మొదటి వానకే మట్టి కుంగి, ఆటో చక్రం దిగబడే గాడి తయారైంది. ఒక స్కూలు పాప సైకిలుతో సహా అందులో పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. మున్సిపల్ ఆఫీసుకు అడగడానికి వెళ్తే, "రోడ్డుకు గ్యారంటీ పీరియడ్ ఉందమ్మా, కానీ కోసింది వేరేవాళ్లు కదా, ఆ కాంట్రాక్టరు ఒప్పుకోడు" అన్నారు. కోసినవాళ్లను అడగమన్నారు. వాళ్ల పని అయిపోయింది, వాళ్ల బిల్లూ అయిపోయింది. ఇలాంటి కథ ఈ ఊళ్లో ప్రతి కాలనీకీ ఒకటుంది. రోడ్డు వేసినవాడూ, కోసినవాడూ, కాలువ కట్టినవాడూ వేర్వేరు కాగితాల మీద ఉన్నన్నాళ్లు ఈ కథ నడుస్తూనే ఉంటుంది.

తిరుపతికి ఇది మామూలు అసౌకర్యంగా వదిలేసే విషయం కాదు. ఈ ఊరు శేషాచలం కొండల కాళ్ల దగ్గర ఉంది. కొండ మీద పడిన వాన కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా కిందికి దూకి, ఊళ్లోంచి దక్షిణంగా చెరువుల వైపు, అక్కడి నుంచి స్వర్ణముఖి వైపు పోవాలి. ఆ దారి నిండా ఇప్పుడు కాలనీలున్నాయి. 2021 అక్టోబరులో ఒక రాత్రి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీళ్లలో వాహనం చిక్కుకుని, కర్ణాటక నుంచి స్వామి దర్శనానికి వచ్చిన ఒక యువతి చనిపోయింది. కొత్త పెళ్లికూతురు. ఊరు తెలియని మనిషికి ఆ నీళ్లెంత లోతో ఎలా తెలుస్తుంది? తర్వాతి నెలలోనే, నవంబరు మూడోవారంలో, ఊరంతా మునిగింది. వీధులు వాగులయ్యాయి, ఘాట్ రోడ్లు, మెట్ల దారులు మూసేశారు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు దొర్లిపడి రోడ్డు కొట్టుకుపోయింది.

తారు రోడ్డుకు నీళ్లు ఏం చేస్తాయో తెలిస్తే ఈ కోపం ఇంకా అర్థమవుతుంది. తారు కంకరను అంటిపెట్టుకుని ఉంటుంది. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే అవి మెల్లగా తారుకూ కంకరకూ మధ్య దూరి పట్టు వదిలిస్తాయి. సన్నటి పగులు దొరికితే కింది గ్రావెల్ పొరలోకి దిగుతాయి. అప్పుడు పైన లారీ చక్రం పడినప్పుడల్లా ఆ తడిసిన పొరలోని మెత్తటి మన్ను నీళ్లతో కలిసి పగుళ్లలోంచి పైకి చిమ్ముతుంది. లోపల బోలు అవుతుంది, పైపొర కూలుతుంది. అదే గుంత. దాంట్లో మళ్లీ తారు, కంకర కలిపి పోసి, పారతో కొట్టి వెళ్తే నెల తిరక్కుండా లేచిపోతుంది, ఎందుకంటే కింద నీళ్లు అలాగే ఉన్నాయి. రోడ్డుకు మధ్యలో కాస్త ఎత్తు, అంచులకు వాటం, అంచున తెరిచిన కాలువ, ఆ కాలువకు ఒక గమ్యం ఉంటే రోడ్డు బతుకుతుంది. ఇంజినీరింగ్ చదివిన ప్రతి పిల్లవాడికీ ఇది తెలుసు. మన ఏఈలకూ (అసిస్టెంట్ ఇంజినీర్లకూ) తెలుసు. తెలిసినదాన్ని చెయ్యడానికి డబ్బు ఇచ్చే కాగితం మాత్రం లేదు.

"పల్లెల్లో అంతకన్నా ఘోరం" అంటారేమో. ఈ ఒక్క విషయంలో పల్లె మనకన్నా ముందుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు టెండరులోనే 5 ఏళ్ల నిర్వహణ కూడా కలిసి ఉంటుంది. వేసినవాడే ఐదేళ్లు చూసుకోవాలి, దానికి వేరుగా డబ్బు రాసి ఉంటుంది. ఇప్పుడైతే నిర్వహణ బిల్లు రావాలంటే రోడ్డు పరిస్థితి ఫొటోలతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కాలి. మా మేనత్తవాళ్ల ఊరి దారిలో ఆ బోర్డు ఉంది. పొడవెంత, ఖర్చెంత, ఎవరు వేశారు, ఎన్నాళ్లు చూసుకోవాలి, అన్నీ దాని మీద ఉన్నాయి. మేనత్త చదువుకోలేదు గానీ ఆ బోర్డు మీద ఏముందో ఆమెకు నోటికి తెలుసు, గడువు దాటకముందే అడగాలని కూడా తెలుసు. ఆ పథకం అన్నిచోట్లా సక్రమంగా నడుస్తోందని చెప్పను. కానీ అడగడానికి ఆమె దగ్గర ఒక ఆధారం ఉంది. మా కాలనీలో అదీ లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మున్సిపాలిటీలకు డబ్బెక్కడిది అంటారు. ఇప్పుడు పెడుతున్న డబ్బు మాటేమిటి? ఒకే వీధికి రోడ్డు, కాలువ, పైపు, కోతకు మరమ్మతు, ప్యాచ్ వర్కు, మళ్లీ పైన ఇంకో పొర, ఇవన్నీ వేర్వేరు బిల్లులుగా పోతున్నాయి. వాటిని కలిపి ఒక్క లెక్క కింద రాస్తే ఏళ్ల నిర్వహణకు సరిపడా అక్కడే కనబడుతుందని నా నమ్మకం. ఏ వార్డుకైనా ఆ లెక్క తీసి బయట పెట్టమని అడిగే హక్కు మనకుంది.

రెండో అభ్యంతరం బరువైనది. ఇలా చేస్తే చిన్న కాంట్రాక్టర్లు బతకరు, అన్నీ పెద్ద కంపెనీలే ఎగరేసుకుపోతాయి అంటారు. నాకూ ఆ భయం ఉంది. సేతు కట్టే కంపెనీ మా వీధి కాలువ తియ్యడానికి రానక్కర్లేదు, రావాలని నేను కోరడం లేదు. మన ఊరి కాంట్రాక్టర్లే, ఒక్కో వార్డులోనో, నీళ్లు ఒకే వైపు పారే నాలుగైదు కాలనీల్లోనో రోడ్డు, కాలువ, మరమ్మతు కలిపి ఐదేళ్లకు తీసుకోవాలి. నెలనెలా లేదా మూడు నెలలకోసారి డబ్బు రావాలి. ఇక్కడ తప్పు మొత్తం కాంట్రాక్టరు నెత్తిన రుద్దడం అన్యాయం. బిల్లులు ఏళ్ల తరబడి పెండింగులో పెట్టి, టెండరు పిలిస్తే ఎవరూ ముందుకు రాని రోజులు మన రాష్ట్రంలో చూశాం. భార్య నగలు కుదువపెట్టి పని పూర్తి చేసి, బిల్లు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన మనిషి నాకు తెలుసు. అలాంటివాడు తర్వాతి టెండరులో అంచనా కన్నా బాగా లెస్‌కు కోట్ చేసి, పనిలో సిమెంటు తగ్గించి, బిల్లు రాగానే ఊపిరి పీల్చుకుని పోక ఏం చేస్తాడు? హైబ్రిడ్ యాన్యుటీలో బ్యాంకులు అప్పులిస్తున్నాయంటే ఆరు నెలల కిస్తు కచ్చితంగా వస్తుందనే నమ్మకం మీదే. ఆ నమ్మకం వార్డు కాంట్రాక్టరుకూ ఇవ్వాలి. నిర్వహణ డబ్బును విడిగా ఒక ఖాతాలో వేసి, దాన్ని ఇంకో పనికి తియ్యకుండా కట్టడి చెయ్యాలి. అది చెయ్యకుండా "ఐదేళ్లు చూసుకో" అని కాగితం మీద రాసినా ఎవడూ చూసుకోడు.

మూడోది, ఎన్నికలప్పుడు వినబడేది: జనానికి కొత్త రోడ్డు కావాలి, కాలువ పూడిక తీస్తే ఓటెవరు వేస్తారు? 2021 నవంబరులో మోకాళ్ల లోతు నీళ్లలో గ్యాసు సిలిండరు తలమీద పెట్టుకుని నడిచినవాళ్లను అడగండి.

ఇంకొకటి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి, రేపు ఆలస్యమవుతుంది. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పలమనేరు, బంగారుపాళెం, గుడిపాల మీదుగా వస్తోంది. మూడు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 260 కిలోమీటర్లు, ప్యాకేజీలుగా పంచి వేర్వేరు కంపెనీలకు ఇచ్చారు. కర్ణాటకలో కొంత భాగం వాడుకలోకి కూడా వచ్చింది. మంచి రోడ్డు వస్తుందనడంలో నాకు అనుమానం లేదు. కానీ చిత్తూరు జిల్లా చెరువుల జిల్లా. ఒక చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరాలి. ఎత్తయిన కట్ట మీద వచ్చే రోడ్డు ఆ వంకకు అడ్డం పడుతుంది. కల్వర్టు ఎక్కడ, ఎంత వెడల్పున, ఏ మట్టంలో పెట్టారన్నదే కింది ఊరి వరి మడి బతుకు. ఇంజినీర్లు మ్యాపులు చూసే పెడతారు, అయినా పదేళ్లుగా పారని వంకను చూసి దారి అనుకునే ప్రమాదం ఉంది. పారిన ఏడాది ఏం జరిగిందో చెప్పగలిగేది ఊళ్లో పెద్దవాళ్లే. ఆ ఊళ్ల వాళ్లు కట్ట పూర్తి కాకముందే ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్లి, తమ వంక మీద పెట్టిన కల్వర్టు చూపించమని అడగాలి. కట్టాక అడిగితే మళ్లీ "వేరే పని, వేరే టెండరు" అనే మాటే వినాలి.

మా కాలనీ వాళ్లం సోమవారం అర్జీల రోజున కలిసి వెళ్తున్నాం. కొత్త రోడ్డు కావాలని అందులో రాయలేదు. మా వీధికి ఇకముందు ఏ పని పిలిచినా రోడ్డు, కాలువ, పైపు కోత ఒకే టెండరులో పెట్టాలని, కొత్త పొర వేసేముందు పాతది తీసేసి పెద్దమ్మ ఇంటి మెట్లు బయటపడే మట్టానికి దించాలని, ఐదేళ్ల నిర్వహణ డబ్బు విడిగా రాయాలని, ఎవరు ఎన్నాళ్లు చూసుకోవాలో వీధి మొదట్లో బోర్డు పెట్టాలని అడిగాం. ఇప్పటికి ముప్పైకి పైగా ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. ఆ రోజు టీ తాగుతూ మాట్లాడిన మేస్త్రి ఫోన్ నంబరు సంపాదించి, వాటం ఎంత ఇవ్వాలో, కాలువ ఎక్కడ నుంచి ఎక్కడికి తియ్యాలో ఆయన చేతనే గీయించి అర్జీకి జత చేశాం.